పెషావర్ గద్దెపై ఇటలీ రైతుబిడ్డ

లాహోరు కొలువులో ఫిరంగీలు - 7

లాహోరు దర్బారులో మొదట కుదురుకున్న ఇద్దరు యూరోపియన్లు, ఫ్రాన్సు నుంచి వచ్చిన అలార్, ఇటలీ నుంచి వచ్చిన వెంతూరా. వాళ్ల కథ గత భాగంలో చూశాం. 1822లో వాళ్లు రావి ఒడ్డుకు చేరారు. మహారాజా రంజీత్ సింగ్ వాళ్లను అంత తొందరగా నమ్మలేదు. నమ్మాక మాత్రం తన పటాలాలకు కొత్త కవాతు నేర్పే పని అప్పగించాడు. లైలీ అనే గుర్రం కోసం పెషావర్ పాలకులతో తగవు పడి, చివరికి దాన్ని వెంతూరాయే పట్టుకొచ్చిన సంగతీ చదివాం.

ఆ ఇద్దరూ సైనికులుగా వచ్చి సైనికులుగానే పేరు తెచ్చుకున్నారు. ఈ భాగంలోని మనిషి దారి వేరు. ఇతనూ ఫిరంగి దళంలో పనిచేసినవాడే. కానీ పంజాబులో ఇతని పేరు నిలిపినవి శిస్తు లెక్కలు, ఊరి వీధులు, ప్రాకారాలు, వాటి బయట పాతించిన ఉరికొయ్యలు. పేరు పావొలో అవితబిలే. ఆ పేరు పలకలేక పఠాన్లు 'అబూ తబేలా' అన్నారు. రెండు తరాల తర్వాత కూడా పెషావర్ వైపు తల్లులు మారాం చేసే పిల్లల్ని ఆ పేరు చెప్పి భయపెట్టేవారట.

దేశీయ కొలువుల్లో ఐరోపా సేనానులు మనకు కొత్త కాదు. హైదరాబాదులో నిజాం దగ్గర 1798లో చనిపోయేదాకా ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాలు నడిపాడు. మూసారాంబాగ్ అనే పేరు అతని నుంచే వచ్చిందని నగరవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే రేమండ్ బలమంతా అతని తుపాకుల్లోనే ఉంది. అవితబిలేకు దక్కింది ఏకంగా ఒక సుబా. శిస్తు వసూలు చేసేదీ అతనే, తగవు తీర్చేదీ అతనే, శిక్ష వేసేదీ అతనే. రంజీత్ సింగ్ చుట్టూ తరాలుగా కత్తి పట్టిన సిక్కు సర్దారులు ఎందరో ఉన్నారు. పద్దులు చూడగల పండితులు, ఫకీరులు ఉన్నారు. వాళ్లందరినీ పక్కనబెట్టి, రాజ్యంలో అన్నిటికన్నా వేడిగా ఉన్న సరిహద్దు సుబాను ఒక నేపుల్స్ మనిషి చేతిలో ఎందుకు పెట్టినట్టు?

అజెరోలా నుంచి లాహోరు దాకా

అవితబిలే 1791 అక్టోబరు 25న నేపుల్స్ రాజ్యంలోని అజెరోలాలో పుట్టాడు. అమాల్ఫీ తీరానికి పైన, కొండల మధ్య ఉన్న ఊరది. రైతు కుటుంబం. కుర్రవాడిగా ఉన్నప్పుడే స్థానిక రక్షక దళంలో చేరాడు. నెపోలియన్ తన అన్న జోసెఫ్‌ను, ఆ తర్వాత బావ మురాను నేపుల్స్ సింహాసనం మీద కూర్చోబెట్టిన రోజులవి. ఆ సైన్యంలో ఫిరంగి దళానికి మారి లెఫ్టినెంట్ అయ్యాడు.

1815లో నెపోలియన్ పతనంతో మురా కూడా పోయాడు. పాత బోర్బన్ వంశం తిరిగొచ్చింది. ప్రభువు మారినా అవితబిలే ఉద్యోగం మానలేదు. గయేతా కోట ముట్టడిలో బోర్బన్ల తరఫున పోరాడి గాయపడ్డాడు. ఆశించిన పదోన్నతి మాత్రం రాలేదు. నెపోలియన్ కాలపు అధికారులను కొత్త ప్రభువులు చూసే చూపు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. రాజీనామా చేసి అమెరికాకు ఓడెక్కాడు. ఆ ఓడ మార్సేయి దగ్గర మునిగింది. ప్రాణాలతో బయటపడ్డాడు, పడమటి ఆశ వదులుకున్నాడు. కాన్‌స్టాంటినోపుల్ మీదుగా పర్షియా చేరి, 1820 ప్రాంతంలో ఫత్ అలీ షా కొలువులో కుదిరాడు.

పర్షియాలో దాదాపు ఆరేళ్లు గడిపాడు. హోదా దొరికింది, బిరుదులు దొరికాయి, జీతం మాత్రం సరిగా దొరికేది కాదు. అయితే డబ్బు కన్నా విలువైనవి రెండు అక్కడ సంపాదించాడు. ఒకటి పారశీక భాష. అప్పట్లో లాహోరు దర్బారు రాతకోతలన్నీ ఆ భాషలోనే సాగేవి. రెండోది, ఒక తూర్పు దేశపు రాజ్యంలో రాష్ట్రాధికారి ఎలా బతుకుతాడో దగ్గర నుంచి చూసిన అనుభవం. శిస్తు ఎలా పిండుతారు, తిరుగుబాటును ఎలా అణుస్తారు, దర్బారుకు ఎంత పంపి తన దగ్గర ఎంత మిగుల్చుకుంటారు అన్నవి అతను పుస్తకాల్లో చదివి నేర్చుకున్న విద్యలు కావు.

ఆలోగా వెంతూరా లాహోరులో బాగా స్థిరపడ్డాడు. అక్కడి నుంచి కబురు అందింది. ఫ్రెంచి అధికారి ఆగస్త్ కోర్ట్‌తో కలిసి అవితబిలే అఫ్గానిస్తాన్ మీదుగా ప్రయాణం చేసి 1827లో లాహోరు చేరాడు. కోర్ట్‌కు ఫిరంగి దళం అప్పగించారు. అవితబిలేకు మొదట పటాలమే ఇచ్చారు. అయితే మనుషుల్ని అంచనా కట్టడంలో రంజీత్ సింగ్‌ది ఆరితేరిన చూపు. ఆయనకు మిగిలింది ఒక్క కన్నే, దానికి కనపడనిది తక్కువ. ఈ ఆజానుబాహువు కవాతు మైదానంలో కన్నా కచేరీలో ఎక్కువ పనికొస్తాడని ఆయనకు త్వరగానే తెలిసిపోయింది.

వజీరాబాద్‌లో తొలి పాఠం

1829లో అవితబిలేను వజీరాబాద్‌కు అధికారిగా వేశారు. లాహోరుకు ఉత్తరంగా, చీనాబ్ నది దగ్గర, కశ్మీరుకూ పెషావర్‌కూ పోయే బాటల మీద ఉన్న పట్నమది. ఇరుకు సందులు, చెత్త, మురుగు ఉన్న పాత ఊరిని అతను దాదాపు కొత్తగా కట్టించాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిటారుగా, వెడల్పుగా ఒక బజారు వేయించాడు. దానికి అడ్డంగా, లంబకోణంలో వీధులు తీయించాడు. వీధులు ఊడ్చే ఏర్పాటు చేశాడు. ఆ వీధుల అమరిక ప్రస్తావన తర్వాతి బ్రిటిష్ గెజిటీర్లలోకి ఎక్కింది.

1832లో జోసెఫ్ వోల్ఫ్ అనే క్రైస్తవ మతప్రచారకుడు మధ్య ఆసియా నుంచి తిరిగొస్తూ వజీరాబాద్‌లో దిగాడు. దారిలో దోపిడీకి గురై, ఒంటి మీద బట్టలు కూడా పోయి కాబూల్ చేరిన మనిషి ఆయన. అవితబిలే ఇంట్లో ఆయనకు ఘనమైన ఆతిథ్యం దొరికింది. ఇటాలియన్, ఫ్రెంచి, పారశీకం, హిందుస్తానీ భాషలను గృహస్థు అవలీలగా మార్చి మార్చి మాట్లాడుతున్నాడు. హాస్యమాడుతున్నాడు. నన్ను కాపాడే దేవదూతల్ని చూపిస్తాను రమ్మని పాదిరీ గారిని పడకగదిలోకి తీసుకెళ్లాడు. గోడల నిండా నాట్యకత్తెల బొమ్మలు! ఆ తర్వాత ఏనుగెక్కించి ఊరు చూపించాడు. శుభ్రమైన వీధులు చూపించిన చేత్తోనే ఊరి బయట కొయ్యలకు వేలాడుతున్న నేరస్థుల్నీ చూపించాడు. వోల్ఫ్ రాతల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఆయన రాశాడు. ఇంత వైభవం మధ్య కూర్చున్న ఆ అధికారి, దేవుడి పేరు చెప్పి, ఎలాగైనా ఈ దేశం నుంచి బయటపడే దారి చూపమని తనను బతిమాలాడట.

అవితబిలే పాలన అంతటికీ అది తాళంచెవి లాంటి మాట. బజార్లు తీర్చినా, గోడలు కట్టించినా, దొంగల్ని వేలాడదీసినా అతని చూపు మాత్రం అజెరోలా కొండల మీదే ఉంది. అతను అక్కడ ఉన్నది ఊరికి వెళ్లడానికి సరిపడా సొమ్ము కూడబెట్టుకోవడానికే.

పెషావర్ అనే కొలిమి

ఇక పెషావర్ రాజకీయం చూడాలి. ఖైబర్ కనుమకు ఇటువైపు గుమ్మం ఆ నగరం. 18వ శతాబ్దం మధ్య నుంచి అఫ్గాన్ దుర్రానీ రాజుల చేతిలో ఉండేది. వాళ్ల చలికాలపు రాజధాని కూడా అదే. 1823లో నౌషేరా యుద్ధం తర్వాత పెషావర్ పాలకులైన బారక్‌జాయి సోదరులు రంజీత్ సింగ్‌కు కప్పం కట్టడానికి ఒప్పుకున్నారు. మధ్యలో సయ్యద్ అహ్మద్ బరేల్వీ జిహాద్ జెండా ఎత్తి 1830లో కొన్నాళ్లు నగరాన్ని పట్టుకున్నాడు. 1831 మే నెలలో బాలాకోట్ దగ్గర సిక్కు సైన్యం చేతిలో చనిపోయాడు. 1834లో రాకుమారుడు నౌనిహాల్ సింగ్, సేనాని హరిసింగ్ నల్వా కలిసి పెషావర్‌ను నేరుగా లాహోరు రాజ్యంలో కలిపేశారు.

కలపడం తేలికే, నిలుపుకోవడమే కష్టం. కాబూల్ ఏలుతున్న దోస్త్ మహమ్మద్ ఖాన్‌కు పెషావర్ పోవడం గుండెల్లో ముల్లు. కనుమ అఫ్రీదీల చేతిలో ఉంది. బాట మీద పోయే బిడారుల నుంచి సుంకం తీసుకోవడం వాళ్ల దృష్టిలో తాతల నాటి హక్కు. ఉత్తరాన యూసఫ్‌జాయిలు ఎవరికీ తలవంచరు. నగరంలోని ముస్లిం ప్రజలకు సిక్కు పాలన పరాయిది. గద్దె పోయిన బారక్‌జాయి సోదరులకు నోరు మూయించడానికి రంజీత్ సింగ్ జాగీర్లు ఇచ్చాడు గానీ, వాళ్ల మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. కనుమ ముఖద్వారంలో జమ్రూద్ కోట కట్టించిన నల్వా, 1837 ఏప్రిల్ 30న ఆ కోట దగ్గరి యుద్ధంలోనే ప్రాణం వదిలాడు.

మన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నల్వా పోయాక ఏ సిక్కు సర్దారును పెషావర్‌లో కూర్చోబెట్టినా రెండు చిక్కులు. అతనికి లాహోరులో ముఠా ఉంటుంది, సొంత ఊళ్లో బలగం ఉంటుంది. సరిహద్దు సైన్యం కూడా చేతిలో పడితే రేపు దర్బారుకే ఎదురు తిరగవచ్చు. పైగా పఠాన్లకూ సిక్కు సర్దారులకూ మధ్య ఏళ్ల తరబడి నెత్తుటి పగలున్నాయి. అవితబిలేకు ఈ రెండూ లేవు. అతనికి పంజాబులో కులం లేదు, బంధువర్గం లేదు, పాత పగలు లేవు. మహారాజు చల్లని చూపు ఒక్కటే అతని ఆస్తి. అది పోతే మర్నాడు నిలబడటానికి జానెడు నేల కూడా లేదు. పరాయివాడు కావడమే ఆ పదవికి అతని అర్హత. 1838 నాటికి పెషావర్ అతని చేతికి వచ్చింది.

కొయ్యలు, తాళ్లు

నగరంలో అడుగుపెట్టిన తీరు గురించి అవితబిలే తనే అతిథులకు చెప్పుకున్న కథ ఒకటుంది. తనకన్నా ముందు మనుషుల్ని పంపి ఊరి గోడల చుట్టూ కొయ్యలు పాతించాడట. ఫిరంగీకి పిచ్చెక్కిందని జనం నవ్వారట. కొయ్యల మొదట్లో తాళ్ల చుట్టలు పెట్టిస్తే ఇంకా నవ్వారట. పాలించడానికి కత్తి, తుపాకీ కావాలి గానీ కర్రలు, తాళ్లు దేనికన్నారట. ఒకరోజు తెల్లారేసరికి ఊళ్లోని పేరుమోసిన దుర్మార్గులు యాభై మంది ఆ కొయ్యలకు వేలాడుతున్నారు. దారిదోపిడీలు, హత్యలు సన్నగిల్లేదాకా సంత జరిగే ప్రతిరోజూ అదే తంతు నడిపించానని చెప్పేవాడు.

చెప్పినవాడు తన గొప్ప తాను చెప్పుకుంటున్నాడు కాబట్టి యాభై అనే లెక్కను కొంత తగ్గించుకుని చదవాలి. కొయ్యల సంగతి మాత్రం అబద్ధం కాదు. 1839లో సైన్యంతో పెషావర్ వచ్చిన విలియం బార్ అనే ఇంగ్లీషు అధికారి, ఊరి పొలిమేరల్లో వేలాడే శవాల్ని తన కంటితో చూసి రాశాడు. మొగలుల కాలం నాటి మహబత్ ఖాన్ మసీదు మినార్లు సిక్కుల కాలంలో ఉరికొయ్యలుగా పనిచేశాయని గెజిటీరు రాసిపెట్టింది. చాడీలు చెప్పేవాళ్ల నాలుకలు కోయించాననీ, తెగిన నాలుకకు మళ్లీ మాట తెప్పిస్తానంటూ ఒక వైద్యుడు బయల్దేరితే అతని నాలుక కూడా కోయించాననీ అవితబిలే నవ్వుతూ చెప్పేవాడట.

దీన్ని ఆ కాలపు మామూలు పద్ధతి అని సరిపెట్టుకోలేం. ఎందుకంటే అతని ప్రభువు పద్ధతి అది కాదు. రంజీత్ సింగ్ యుద్ధభూమిలో తప్ప ఒకరి ప్రాణం తీయించడం అరుదని, ఆయన్ని కలిసిన విదేశీయులు పదే పదే ఆశ్చర్యపోతూ రాశారు. పెద్ద నేరాలకు కూడా జరిమానాలే ఎక్కువ. మరీ తప్పకపోతే అంగచ్ఛేదం. అలాంటి మహారాజు ఏలుబడిలో ఒక సుబా మాత్రం ఉరికొయ్యల మీద నడిచింది. లాహోరుకు ఆ సంగతి తెలియక కాదు. శిస్తు వస్తోంది, బాట నడుస్తోంది, గొడవలు లేవు. దర్బారుకు కావలసినవి ఆ మూడే. అప్రతిష్ఠ అంతా ఫిరంగీ ఖాతాలో పడుతోంది. మహారాజు చేతికి మరక అంటలేదు.

గోర్ఖత్రీ కచేరీ

అవితబిలే మకాం గోర్ఖత్రీలో. పెషావర్ నగరంలో ఎత్తయిన దిబ్బ మీద, షాజహాన్ కూతురు జహనారా కట్టించిన విశాలమైన సరాయి అది. ఆ ఆవరణలోనే గోరఖ్‌నాథుడి గుడి ఉంది. సరాయిలో తన నివాసం కట్టించుకుని అక్కడి నుంచే సుబా నడిపాడు. పై నుంచి చూస్తే నగరం మొత్తం కాళ్ల కింద పరుచుకున్నట్టుంటుంది. ఫిర్యాదులు అక్కడే వినేవాడు, శిస్తు పద్దులు అక్కడే చూసేవాడు, తీర్పులు అక్కడే చెప్పేవాడు. తీర్పు మీద అప్పీలు అనే మాటే లేదు.

నగరం చుట్టూ మట్టి ప్రాకారం కట్టించాడు. కొండల నుంచి రాత్రిపూట దిగి దోచుకుపోయే ముఠాలకు అది అడ్డుకట్ట. గుమ్మాల దగ్గర కాపలా ఉంటే లోపలికి వచ్చే సరుకు మీద సుంకం కూడా తప్పించుకోలేరు. ఒక్క గోడతో రక్షణా, రాబడీ రెండూ కుదిరాయి. పగలు దుకాణాలు ధైర్యంగా తెరుచుకున్నాయి. మధ్య ఆసియా నుంచి గుర్రాలు, ఎండుపండ్లు తెచ్చే వర్తకులకు నగరంలో భద్రత దొరికింది. అవితబిలేను అసహ్యించుకున్నవాళ్లు కూడా ఈ మాట కాదనలేదు.

కానీ ఆ అధికారం ఎంత దూరం పారేదో కూడా చూడాలి. నగరంలో, చుట్టుపక్కల మైదానంలో అతని మాట శాసనం. కొండల మొదట్లోకి వచ్చేసరికి శిస్తు వసూలంటే పటాలం బయల్దేరడమే. ఊళ్ల మీద పడి దొరికింది పట్టుకొచ్చేవారు. పంట చేతికొచ్చే వేళకు సైన్యం రావడం, జనం గుట్టల్లోకి పోవడం, సైన్యం వెళ్లాక మళ్లీ దిగడం. ఖైబర్ లోపల అతని ఉరికొయ్యకు విలువే లేదు. దండం దశగుణం భవేత్ అంటారు. ఇక్కడ మాత్రం దండం ఫిరంగి గుండు దూరం దాటి పనిచేయలేదు.

విందులు, హుండీలు

1838 జూన్‌లో లాహోరు దర్బారు, ఈస్టిండియా కంపెనీ, పదవి పోయిన అఫ్గాన్ రాజు షా షుజా కలిసి ఒప్పందం చేసుకున్నారు. దోస్త్ మహమ్మద్‌ను దించి షా షుజాను కాబూల్‌లో కూర్చోబెట్టాలని ఎత్తు. మన కృష్ణా తీరంలో దొరికిందని చెప్పుకునే కోహినూరు వజ్రాన్ని 1813లో రంజీత్ సింగ్‌కు సమర్పించుకోవలసి వచ్చింది ఈ షా షుజాయే. దోస్త్ మహమ్మద్ అడిగింది పెషావర్. మిత్రుడైన రంజీత్ సింగ్‌ను నొప్పించి ఆ నగరం ఇప్పించడం కంపెనీకి ఇష్టం లేదు. మొదటి అఫ్గాన్ యుద్ధానికి ఉన్న కారణాల్లో అవితబిలే ఏలుతున్న ఈ ఊరు కూడా ఒకటన్నమాట.

దాంతో పెషావర్ ఒక్కసారిగా ఇంగ్లీషు అధికారులతో నిండిపోయింది. కాబూల్ వెళ్లే ప్రతి పటాలం, వచ్చే ప్రతి బిడారు అక్కడ ఆగాల్సిందే. అవితబిలే భోజనాల బల్ల వాళ్ల డైరీలకు ఎక్కింది. మంచి వంటవాళ్లు, ధారాళంగా మద్యం, భోజనం తర్వాత నాట్యం. గృహస్థేమో పెద్ద ముక్కు, భారీ శరీరం, సగం ఐరోపా సగం తూర్పు దేశపు దుస్తుల్లో, జరీ అంచులతో మెరుస్తూ కథలు చెబుతుంటాడు. వచ్చేటప్పుడు ఊరి బయట చూసిన శవాల గురించి డైరీలో ఒక పేజీ అసహ్యంగా రాసిన అధికారే, మరో పేజీలో వంటకాలను మెచ్చుకుంటూ రాశాడు.

1842 జనవరిలో కాబూల్ నుంచి వెనుదిరిగిన బ్రిటిష్ సైన్యం దారిలోనే తుడిచిపెట్టుకుపోయింది. 13వ తేదీన ఆ సైన్యంలోని డాక్టర్ బ్రైడన్ గాయాలతో జలాలాబాద్ చేరాడు. జలాలాబాద్‌లో సేల్ అనే అధికారి నడిపే బ్రిటిష్ దళం చిక్కుకుపోయింది. దాన్ని విడిపించడానికి వైల్డ్ అనే మరో అధికారి దళం అదే నెలలో ఖైబర్‌లోకి దూరబోయి దెబ్బతిని వెనక్కి వచ్చింది. తోడు వెళ్లవలసిన సిక్కు పటాలాలు కనుమలో అడుగుపెట్టేది లేదని మొండికేశాయి. ఫిబ్రవరి 5న జనరల్ పోలక్ పెషావర్ చేరేటప్పటికి అక్కడున్న సిపాయిల గుండెలు జారిపోయి ఉన్నాయి. రెండు నెలలు ఓపిక పట్టి సైన్యాన్ని కూడదీసుకుని, ఏప్రిల్ 5న ఆయన ఖైబర్‌లోకి చొచ్చుకుపోయాడు.

ఆ రెండు నెలలూ పోలక్ సైన్యానికి ధాన్యం, మేత, బండ్లు, డబ్బు దొరకడంలో పెషావర్ అధికారి సాయం పెద్దది. అందులో అవితబిలే స్వలాభం కూడా ఉంది. అతను సంపాదించిన సొమ్మంతా రూపాయల్లో ఉంది. దాన్ని పంజాబు దాటించి, సముద్రం దాటించి నేపుల్స్ చేర్చడం ఎలా? ఇంగ్లీషు సైన్యానికేమో పెషావర్‌లో అప్పటికప్పుడు రొక్కం కావాలి. ఇక్కడ రొక్కం ఇచ్చి, కంపెనీ ఖజానా మీద హుండీలు, అంటే చెల్లింపు పత్రాలు రాయించుకుంటే సొమ్ము కాగితమెక్కి తనకన్నా ముందే ప్రయాణం చేస్తుంది. వాళ్లకు అవసరం తీరింది, ఇతనికి సొమ్ము ఒడ్డున పడింది. వలస వెళ్లినవాడు ఊరికి డబ్బు పంపే తిప్పలు ఏ కాలంలోనైనా ఒకటే. సరిహద్దులో ఒక యుద్ధం వచ్చి అవితబిలేకు ఆ తిప్ప తప్పించింది.

మహారాజు పోయాక

ఈ కథకు వెనకాల లాహోరులో పునాదులు కదులుతున్నాయి. 1839 జూన్ 27న రంజీత్ సింగ్ చనిపోయాడు. కొడుకు ఖరక్ సింగ్ ఏడాది తిరిగేసరికి గద్దె అధికారం పోగొట్టుకుని, 1840 నవంబరు 5న కన్నుమూశాడు. ఆయన అంత్యక్రియల నుంచి తిరిగొస్తుండగా కోట ద్వారం పైకప్పు కూలి నౌనిహాల్ సింగ్ కూడా చనిపోయాడు. 1841 జనవరిలో రంజీత్ సింగ్ మరో కొడుకు షేర్ సింగ్ సైన్యం బలంతో లాహోరు పట్టుకున్నాడు. అప్పటి నుంచి సైన్యం మాటే చెల్లుబాటు. పాత బాకీల కోసం సిపాయిలు అధికారుల మీద తిరగబడ్డారు. కశ్మీరు అధికారి మిహాన్ సింగ్‌ను చంపేశారు. కోర్ట్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోవలసి వచ్చింది.

ఊరంతా వణికించిన అవితబిలే తనే వణికిన రోజులవి. పెషావర్ పటాలాలు ఎప్పుడు తన మీద పడతాయోనని భయపడి, ఒక దశలో ఖైబర్ దాటి జలాలాబాద్‌లోని ఇంగ్లీషువాళ్ల దగ్గర తలదాచుకోవడానికి కూడా సిద్ధపడ్డాడని చరిత్రకారుడు కనింగ్‌హామ్ రాశాడు. ఆలోచిస్తే అందులో వింత లేదు. రంజీత్ సింగ్ నమ్మకం అతని బలం. రంజీత్ సింగ్ లేడు. కులం, బంధువర్గం, ముఠా లేకపోవడం మొన్నటిదాకా అర్హత. ఇప్పుడు ఆపదలో తోడు నిలిచేవాడు ఒక్కడూ లేడు. నగరంలో ఎవరూ అతని పక్షం రారు, ఎందుకంటే కొయ్యల మీద వేలాడినవాళ్ల అన్నదమ్ములు, కొడుకులు అదే నగరంలో ఉన్నారు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత అతనికి చెప్పనక్కర్లేదు. కాబూల్ మీద పగ తీర్చుకుని పోలక్ సైన్యం 1842 చివర్లో తిరిగొచ్చింది. 1843లో అవితబిలే పెషావర్‌కు, పంజాబుకు శాశ్వతంగా సెలవు చెప్పి బ్రిటిష్ భూభాగంలోకి వచ్చేశాడు. అదే ఏడు సెప్టెంబరు 15న షేర్ సింగ్ హత్యకు గురయ్యాడు. రెండేళ్లలో మొదటి ఆంగ్ల-సిక్కు యుద్ధం, ఆరేళ్లలో పంజాబు కంపెనీ పరం. కూలే ఇంట్లోంచి సామానుతో సహా సకాలంలో బయటపడ్డ కొద్దిమందిలో ఇతనొకడు.

కలిగినవాడికి ఊరంతా చుట్టాలే

ఐరోపాలో అతనికి ఘనస్వాగతం దొరికింది. పారిస్‌లో, లండన్‌లో మర్యాదలు జరిగాయి. ఒకప్పుడు పదోన్నతి నిరాకరించిన నేపుల్స్ రాజ్యమే ఇప్పుడు గౌరవాలు ఇచ్చింది. అజెరోలాలోని సాన్ లాజారోలో పెద్ద భవనం కట్టించుకున్నాడు. తమ కుటుంబంలోని మేనకోడలి వరసైన చిన్నదాన్ని పెళ్లి చేసుకున్నాడు. ఇన్నేళ్లూ కలలుగన్న ఊళ్లో అతను బతికింది కొద్ది సంవత్సరాలే. 1850 మార్చి 28న చనిపోయాడు.

తర్వాత మొదలైంది అసలు తమాషా. పెషావర్ సొమ్ము కోసం చుట్టాలు పుట్టుకొచ్చారు. దాయాదులమని, వారసులమని కోర్టులకెక్కారు. ఇన్ని సంవత్సరాలు ఇంత భయంతో పోగుచేసిన ఆస్తి వ్యాజ్యాల్లో చీలికలు పేలికలైంది.

కొయ్య నుంచి చట్టానికి

అవితబిలే మీద ఇంగ్లీషువాళ్లు చాలా రాశారు. హెన్రీ లారెన్స్ అతని ధైర్యాన్ని, చురుకుదనాన్ని ఒప్పుకుంటూనే, క్రూరుల మధ్య తానూ క్రూరుడిగా మారాడనీ, ఉక్కు చేతితో పాలించడానికి ఇంత అనవసరపు హింస అక్కర్లేదనీ తప్పుబట్టాడు. న్యాయమైన మాటే. 1849లో పంజాబు కంపెనీ వశమయ్యాక ఆ రాష్ట్రాన్ని నడిపిన మండలిలో లారెన్స్ ముఖ్యుడు. ఊరి చుట్టూ ఉన్న శవాలు మాయమయ్యాయి. కోర్టులు, రికార్డులు వచ్చాయి.

సరిహద్దుకు మాత్రం వేరే న్యాయం మిగిలింది. ఉన్మాదంతో జరిగే హత్యలకు ఆగమేఘాల మీద విచారించి ఉరితీసే ప్రత్యేక చట్టం 1867లో వచ్చింది. 1872లో సరిహద్దు నేరాల రెగ్యులేషన్ వచ్చింది, 1901లో దాన్ని ఇంకా బిగించారు. ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తాన్ని శిక్షించవచ్చు, ఊళ్లను దిగ్బంధం చేయవచ్చు, మామూలు కోర్టుకు అప్పీలు ఉండదు. గిరిజన ప్రాంతాల్లో ఆ రెగ్యులేషన్ బ్రిటిష్‌వాళ్లు పోయాక కూడా పాకిస్తాన్‌లో కొనసాగింది. 2018లో ఆ ప్రాంతాలను ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపేదాకా బతికే ఉంది.

అవితబిలే ఏలింది ఐదారేళ్లు. అతని కొయ్యలకు అతనే బాధ్యుడు, తిట్లన్నీ అతనికే. తర్వాత వచ్చినవాళ్లు ఆ భయాన్నే అంకెలు, క్లాజులు వేసి కాగితం మీదికి ఎక్కించారు కాబట్టి అది పాలన అనిపించుకుంది, శతాబ్దం పైగా నిలిచింది. పరాయివాడి చేత కఠినమైన పని చేయించుకుని, అప్రతిష్ఠ అతనికి వదిలి, ఫలితం తాను ఉంచుకోవడం రంజీత్ సింగ్ తెలివి. ఆ తెలివిని అందరికన్నా బాగా వంటబట్టించుకున్నవాళ్లు, గోర్ఖత్రీలో విందు తిని వెళ్లి అతన్ని రాక్షసుడని రాసినవాళ్లే.

(వచ్చే భాగంలో: అవితబిలేతో కలిసి లాహోరు చేరిన ఆగస్త్ కోర్ట్. సిక్కు ఫిరంగి దళాన్ని తీర్చిదిద్దుతూనే, మాణిక్యాల దగ్గర ఒక స్తూపాన్ని తవ్వించి కుషాణుల నాణేలు వెలికితీసిన సేనాని కథ.)